సగం చుట్టల కొమురవ్వ

నాకు చుట్ట వాసన పడదు. ఈ మాట ముందే చెప్పుకోవాలి. లేకపోతే చుట్టలమ్మే మనిషిని ఇంతగా పొగుడుతున్నాడంటే వీడూ ఆ బాపతేననుకుంటారు. భూపాలపల్లిలో బొగ్గు బాయి గేటు ముందు నాది చిన్న చాయ్ హోటలు. నా హోటలుకూ కొమురవ్వ గుడిసెకూ మధ్య ఒక్క తడకే అడ్డం. ఆమె గిరాకీలు వదిలే పొగంతా ఆ తడక సందుల్లోంచి నా పాలగిన్నె మీదికే వస్తుంది.

"అవ్వా, చాయ్‌ల పొగాకేసినవా అని అడుగుతుండ్రు నన్ను" అని ఒకసారి మొత్తుకున్నాను.

"గందుకేరా దయాకరూ, నీ చాయ్‌కి జర రుచి వచ్చింది" అంది.

ఆమెతో మాట్లాడి గెలిచినవాడు ఈ బాయి మీద ఇంకా పుట్టలేదు. నేను కొడకండ్ల నుంచి వచ్చి ఇక్కడ పొయ్యి పెట్టినప్పటి నుంచీ చూస్తున్నాను కాబట్టి సాక్ష్యం నాదే.

కొమురవ్వది మొగుళ్లపల్లి దగ్గర పల్లె. భర్త సాయిలుకు బాయిలో కొలువు దొరికితే వెంట వచ్చింది. చుట్టలు చుట్టడం అత్త ఓదెమ్మ దగ్గర నేర్చుకుంది. గోదావరి ఒడ్డు నుంచి వచ్చే పొగాకును తడిపి, ఈనె తీసి, తొడ మీద పెట్టి ఒక్క దొర్లింపులో చుట్టేస్తుంది. నోట్లో పెట్టుకునే కొసను ఆకు మడిచి మూసేస్తుంది. ఆ మూసిన కొసను కోస్తేనే పొగ బయటికి వస్తుంది. ఆ కోతలోనే ఉంది ఆమె పనితనమంతా.

కోసేది అడకత్తెరతో. వక్కలు కత్తిరించే ఇనప అడకత్తెర, అత్తగారి కాలం నాటిది. పిడి అరిగిపోయి ఆమె పిడికిలికి సరిపోయేట్టు తయారైంది. దానితో ఆమె వేసే కోతలు నాలుగు రకాలు. అడ్డంగా సాఫుగా కోస్తే పొగ ధారాళంగా వస్తుంది, కానీ చుట్ట తొందరగా కాలిపోతుంది. ఏటవాలుగా కోస్తే పొగ ఒక బుగ్గకే తగులుతుంది, నాలుక మండదు. రెండు వైపుల నుంచీ కోసి మధ్యలో గుంట చేస్తే పొగ చిక్కగా వస్తుంది. కోయకుండా తుమ్మ ముల్లుతో బెజ్జం పొడిస్తే తక్కువ పొగ వస్తుంది గానీ చుట్ట చాలాసేపు నిలుస్తుంది. సాయిలు ఎప్పుడూ ముల్లు బెజ్జమే పొడిపించుకునేవాడు. వీటిలో ఏది మంచిదని అడిగాను ఒకసారి, పొగ తాగనివాడికి ఎందుకో ఆ గోల.

"నీ చాయ్‌ల చక్కెరెంతెయ్యాల్నో నువ్వు చెప్తవా, తాగెటోడు చెప్తడా?" అంది.

ఇక అసలు సంగతి. బాయిలోకి బీడీ గానీ, చుట్ట గానీ, అగ్గిపెట్టె గానీ తీసుకుపోకూడదు. లోపల గ్యాసుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. గేటు దగ్గర జేబులు తడిమి గానీ దింపరు. చుట్టేమో రెండు దమ్ముల్లో అయిపోయేది కాదు. షిఫ్టుకు ముందు వెలిగిస్తే సగం కాలేసరికి సైరన్ మోగుతుంది. నేలకేసి నలిపితే మిగిలిన సగం చేదెక్కుతుంది. అందుకని కొమురవ్వ ఆ నిప్పు తలకాయను అడకత్తెరతో టక్కున కోసి ఇసుక మూకుట్లో పడేస్తుంది. మిగిలిన సగాన్ని రేకు డబ్బాలో పెడుతుంది. బాయి దిగినవాడు షిఫ్టయ్యాక పైకొచ్చి, డబ్బాలోంచి తన సగం తీసుకుని వెలిగించుకుంటాడు.

ఎవరి సగం ఎవరిదో ఎలా తెలుస్తుంది? నోటి కొసకున్న కోతను బట్టి. ఇతనిది ఏటవాలు, అతనిది గుంట, ఇంకొకతనిదీ గుంటే గానీ లోతు తక్కువ. కొమురవ్వ కళ్లకు శుక్లాలొచ్చాయి. షిఫ్టు దిగి వచ్చేవాళ్ల మొహాలన్నీ బొగ్గు పూసుకుని ఒక్కలాగే ఉంటాయి, ఆ తొక్కిసలాటలో ఎవరొచ్చారో ఎవరు పోయారో ఆమెకు కనపడదు. ఎవరిది వాళ్లే తీసుకుపోతారు. అందరూ పోయాక ఆమె డబ్బాలో చేయి పెట్టి తడుముతుంది. ఖాళీగా ఉంటే మూత వేసి ఇంటికి బయలుదేరుతుంది. ఏదైనా మిగిలితే దాని కొసను బొటనవేలితో తడిమి, "తిరుమల ఇంక రాలేరా, ఏమాయెనో చూడుండ్రి" అని గేటు దాకా వెళ్లి చెబుతుంది. నీళ్ల పంపులు నడిపే ఆ తిరుమల ఏ పంపు దగ్గరో ఆలస్యమై వచ్చేదాకా కదలదు. వాన పడినా, నేను తిట్టినా అంతే.

"సగం పెట్టిపోయినోడు సగానికి రావాలె" అనేది ఆమె మాట. బాయి నుంచి రిటైరయ్యే వాడికి మాత్రం ఆ రోజు చుట్ట కోయదు. పూరా చుట్ట చేతిలో పెట్టి, "ఇగ నాకాడ ఏం పెట్టే పనిలేదు, ఇంటికాడ కూసోని తాగు" అంటుంది. దండలూ శాలువాలూ ఆఫీసులో ఎన్ని కప్పినా, ఆ చుట్ట తీసుకునేటప్పుడే మగవాళ్లు కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

సాయిలుకూ అలాగే ఇచ్చింది. ఊపిరితిత్తులు పాడయ్యాయని ఆయన్ని పనికి పనికిరాడని తేల్చారు. కొలువు కొడుకు రాకేష్‌కు వచ్చింది. ఆ తర్వాత సాయిలు ఎక్కువ కాలం లేడు. పోయేముందు ఆయన దగ్గే దగ్గు మా హోటలు దాకా వినిపించేది. ఆ దగ్గు విన్న కొమురవ్వ కొడుకు చేత తన తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది, జన్మలో పొగాకు ముట్టనని. ఊరందరికీ చుట్టలమ్మే మనిషి కొడుకు చేత ఒట్టు వేయించుకుందని జనం నవ్వారు. నేనూ నవ్వాను. కానీ రాకేష్ ఆ ఒట్టు తప్పలేదు.

అక్కడే వచ్చింది చిక్కు. బాయిలో దిగే అందరి సగమూ ఆమె డబ్బాలో ఉంటుంది, సొంత కొడుకుది తప్ప. చుట్ట తాగనివాడు ఏం పెట్టిపోతాడు? పైగా తోటివాళ్లు ఎగతాళి చేస్తారని గుడిసె దగ్గర ఆగేవాడు కూడా కాదు. పొద్దున బండి మీద సర్రున పోయేవాడు, మధ్యాహ్నం స్నానం చేసి అటునుంచి అటే ఇంటికి పోయేవాడు. ఆమె ఇంటికి వెళ్లి గడప ముందు వాడి చెప్పులు చూసేదాకా కొడుకు పైకొచ్చిన సంగతి ఆమెకు తెలియదు. ఒకరోజు నా బెంచీ మీద కూర్చుని చాయ్ ఊదుకుంటూ తనే అంది.

"ఊరోళ్ల పానాలన్ని నా డబ్బల ఉంటయిరా. నా పొల్లగాంది మాత్రం ఏ దేవునికాడ ఉన్నదో."

ఆమె గ్లాసు అందుకుని ఇంకొంచెం చాయ్ పోశాను.

పోయిన వానాకాలంలో రాకేష్ ఆమెకొక వస్తువు తెచ్చాడు. అడకత్తెర నొక్కీ నొక్కీ ఆమె బొటనవేలు కణుపు వాచిపోయింది. అది చూసి వాడు ఫోన్లో వెతికి, చుట్టలు కోసే మిషన్ ఒకటి తెప్పించాడు. సిగార్ కట్టరంట. రెండు వైపులా వేళ్లు దూర్చే ఉంగరాలు, మధ్యలో గుండ్రటి బెజ్జం, ఆ బెజ్జానికి రెండు పక్కలా బ్లేళ్లు. చుట్ట కొస దూర్చి ఉంగరాలు దగ్గరికి నొక్కితే చాలు, వెన్న తెగినట్టు తెగుతుంది. అద్దంలా మెరుస్తోంది. ధరెంతరా అంటే వాడు చెప్పలేదు, చెబితే తల్లి వాపసు పంపమంటుందని భయం. ఏ కోత గొప్పదో సూట్లు వేసుకున్న పెద్దమనుషులు పోట్లాడుకునే వీడియో కూడా చూపించాడు. అరగంట వాదించి వాళ్లు తేల్చింది కొమురవ్వ నాకు ఒక్క ముక్కలో చెప్పిందే.

మరుసటి రోజు పొద్దటి షిఫ్టుకు ఆమె అడకత్తెరను మూలకు పెట్టేసింది. వచ్చిన ప్రతివాడి చుట్టనూ ఆ కట్టరుతోనే కోసింది. కోసిన ప్రతిసారీ "నా కొడుకు తెచ్చిండు" అని చెప్పింది. అడగనివాడికీ చెప్పింది. నాకైతే తడక మీదుగా చూపించి మరీ చెప్పింది. కాకి పిల్ల కాకికి ముద్దు అన్నారు గానీ, ఆ రోజు ఆమె మొహం చూస్తే నాక్కూడా ముద్దొచ్చింది.

భీమ్లా ఒక్కడే కొంచెం గొణిగాడు. భీమ్లాది కొత్తగూడ దగ్గర తండా. బాయిలో కప్పు కూలకుండా కర్ర దిమ్మలు నిలబెట్టే పని. మంచి కండగల మనిషి, చుట్ట దగ్గర మాత్రం చిన్న పిల్లవాడి పేచీ.

"అవ్వా, నాది గుంట కోత గద. గిదేంది, సాఫుగ కోసినవ్?"

"గీ మిషన్‌కి గిదొక్కటే వస్తది. ఇయ్యాల్టికి గిట్లనే తాగు. నీ నోరేం అరిగిపోదు."

భీమ్లా నవ్వేసి తాగాడు. సైరన్ మోగింది. తలకాయలు తెగి ఇసుకలో పడ్డాయి, సగాలు డబ్బాలో పడ్డాయి. నేను తొంగి చూస్తే అన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. ఎంత బాగున్నాయో అనుకున్నాను. ఆ బాగుండటమే కొంప ముంచుతుందని ఆమెకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

మూడింటికి షిఫ్టు దిగింది. సన్నగా వాన. నల్లటి మొహాలతో అందరూ ఒక్కసారిగా డబ్బా మీద పడ్డారు. నాదేదంటే నాదేదని కాసేపు గందరగోళం. చివరికి ఏదైతేనేమని చేతికందింది తీసుకుని వెలిగించుకున్నారు. సగం మంది బస్సెక్కి పోయారు. జనం పలచబడ్డాక కొమురవ్వ డబ్బాలో చేయి పెట్టింది.

ఒకటి మిగిలింది.

ఆమె దాని కొసను బొటనవేలితో తడిమింది. మళ్లీ తడిమింది. ఇటు తిప్పి, అటు తిప్పి తడిమింది. నేను పొయ్యి దగ్గర నుంచే చూస్తున్నాను. ఆమె మొహంలో రంగు దిగిపోవడం చూసి తడక దాటి వెళ్లాను.

"దయాకరూ, గిది ఎవలదిరా?"

"నాకేం తెలుసవ్వా? నీకే తెలుస్తది గద."

"తెల్వనిస్తలేదురా గీ మిషన్. అన్నిటికి ఒక్కటే మూతి చేసింది."

అక్కడున్న నలుగురైదుగురిని అడిగింది. నాది తీసుకున్ననంటే నాది తీసుకున్ననన్నారు. పోయినవాళ్లలో ఎవరైనా మరిచిపోయారేమోనని నేనన్నాను. ఆమె నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. చుట్ట మరిచిపోయి ఇంటికి పోయే బాయి మనిషి ఉంటాడా అని ఆ చూపుకు అర్థం. ఆ సగాన్ని పిడికిట్లో పట్టుకుని, నెత్తిన కొంగైనా వేసుకోకుండా వానలో గేటు దగ్గరికి నడిచింది. నేను పొయ్యి ఆర్పి వెంట వెళ్లాను.

గేటు పక్కన లాంపు రూం ఉంటుంది. దిగేవాడు అక్కడ తలకు పెట్టుకునే లైటు తీసుకుంటాడు, ఎక్కినవాడు అక్కడే వాపసు ఇస్తాడు. అక్కడ పనిచేసే రాంచందర్ అప్పటికే ఫోన్ పట్టుకుని లోపలికి మాట్లాడుతున్నాడు. కిటికీ ఊచలు పట్టుకుని ఆమె అడిగింది.

"బిడ్డా, ఒకడు ఇంక పైకి రాలే. ఎవలో నాకు తెలుస్తలేదు. జర చూడు నాయినా."

రాంచందర్ ఫోన్ దించి ఆమెను చూశాడు.

"ఒకడు కాదవ్వా. రెండు లాంపులు రాలే. పని చేపిచ్చే సర్దార్ చూసొస్తానికి పోయిండు."

"రెండెందుకుంటయిరా?" అంది ఆమె. "నాకాడ ఒక్కటే ఉన్నది."

అన్న తర్వాత తన మాట తనకే వినపడినట్టు ఆగిపోయింది. రాంచందర్ పేర్లు చెప్పలేదు, చెప్పాల్సిన పని లేకుండా పోయింది. ఆమె దగ్గర ఏమీ పెట్టిపోని వాడు ఎవడో ఆమెకు తెలుసు. ఆమె ఊచలు వదిలి, బాయి ముఖద్వారం కనపడేచోట బండ మీద కూర్చుంది. పిడికిట్లో ఆ సగం చుట్ట అలాగే ఉంది.

"ఎవలిదైతేంది" అంది దాన్ని తడుముతూ. "ఇద్దరు రావాలె. సగమున్నోడు రావాలె, లేనోడూ రావాలె."

పక్కన నిలబడ్డాను. పొగ తాగని నాకు కూడా ఆ రోజు ఏదో ఒకటి నోట్లో పెట్టుకోవాలనిపించింది.

వాళ్లు వచ్చేసరికి వాన వెలిసింది. ముందు సర్దార్, వెనక నలుగురు మోస్తున్న స్ట్రెచర్ మీద భీమ్లా, దాని అంచు పట్టుకుని నడుస్తూ రాకేష్. జరిగింది ఇది. దూరం పనిచోటు నుంచి ఇద్దరూ అందరికంటే కడపట వస్తుంటే పక్క గోడ నుంచి ఒక పెళ్ల ఊడి భీమ్లా పాదం మీద పడింది. రాకేష్ దాన్ని తొలగించి, ఆ భారీ మనిషిని భుజానికి ఆనించుకుని ఆగుతూ ఆగుతూ నడిపించుకొచ్చాడు. నువ్వు పోయి మనుషుల్ని తీసుకురమ్మని భీమ్లా ఎంత చెప్పినా వినలేదట. చీకట్లో ఒక్కణ్ణీ వదిలి రావడానికి వాడికి మనసొప్పలేదు. సగం దారిలో సర్దార్ ఎదురయ్యాడు.

కొమురవ్వ లేచింది. ముందు కొడుకు మొహం రెండు చేతులతో తడిమింది, అచ్చం చుట్ట కొసను తడిమినట్టే. బొగ్గూ కన్నీళ్లూ కలిసి ఆమె చేతులు నల్లబడ్డాయి. అప్పుడు మాట్లాడింది.

"అందరియి నాకాడ ఉంటయి కొడుకా. నీది ఏమున్నదిరా? నీది ఏం పట్టుకోని కూసోవాలె నేను?"

రాకేష్ తల దించుకున్నాడు. స్ట్రెచర్ మీది భీమ్లా మాత్రం ఆ నొప్పిలోనూ చెయ్యి చాపాడు.

"అవ్వా, నా చుట్ట."

ఆమె పిడికిలి విప్పి ఇచ్చింది. వాడు కొస చూశాడు. "నా కోత కాదు గిది" అని పేచీ పెట్టాడు. దవాఖాన బండి తలుపులు తెరిచి నిలబడ్డవాళ్లంతా పకపకా నవ్వారు. నేను గుడిసెకు పరుగెత్తి మూలనున్న అడకత్తెర తెచ్చిచ్చాను. ఆమె వాచిన బొటనవేలితోనే అటొకటి ఇటొకటి నొక్కి గుంట కోత కోసింది. భీమ్లా దాన్ని చెవి మీద పెట్టుకుని దవాఖానకు వెళ్లాడు.

మర్నాడు కట్టరును కొడుకు చేతికి ఇచ్చేసింది. వాడి మొహం చిన్నబోయింది.

"మంచిగ లేదా అవ్వా?"

"మంచిగనే ఉన్నదిరా. నా అడకత్తెర కంటె సాఫుగ తెగుతది, ఆకు చీలది, వేలు నొయ్యది. ఉన్నమాట చెప్పాలె. కాని నా పని కోసుడొక్కటే కాదు గద."

ఖరీదైన వస్తువు మీద ఇంతకంటే నిజాయితీ గల తీర్పు ఆ వీడియోలో పెద్దమనుషులు కూడా ఇవ్వలేదు. కొడుకు తెచ్చాడని పొగడలేదు, తనకు అచ్చిరాలేదని తెగడలేదు. నాకైతే ఆ మనిషి మీద ఉన్న గౌరవం రెట్టింపయింది. వాడు మాత్రం కట్టరు జేబులో వేసుకుని, ముభావంగా వెళ్లిపోయాడు.

ఆ తర్వాతి షిఫ్టు రోజు పొద్దున, నేను పాలు పొంగకుండా చూసుకుంటున్నాను. గుడిసె ముందు బండి ఆగిన చప్పుడైంది. రాకేష్. తోటివాళ్లందరూ అక్కడే నిలబడి చుట్టలు కాలుస్తున్నారు. వాడు ఎవరినీ చూడకుండా నేరుగా వచ్చి, జేబులోంచి ఆ కట్టరు తీసి, సగం చుట్టల మధ్య డబ్బాలో పెట్టాడు.

"అవ్వా, గిది నీకాడ ఉంచు. మూడింటికొచ్చి తీసుకపోత" అన్నాడు.

ఎవరూ ఎగతాళి చేయలేదు. కొమురవ్వ డబ్బాలో చేయి పెట్టి, ఆ చల్లటి ఉంగరాలను బొటనవేలితో తడిమి, వేరేవాడి చుట్టకు ఏటవాలు కోత కోయడం మొదలుపెట్టింది.

అప్పటి నుంచీ అది రోజూ డబ్బాలో పడుతోంది, రోజూ డబ్బాలోంచి పోతోంది. భీమ్లా పాదం కుదురుకుని మళ్లీ పనిలోకి వచ్చాడు, వాడి గుంట కోత వాడికుంది. కొమురవ్వ వేలికి రాత్రిళ్లు నువ్వుల నూనె రాసుకుంటోంది. నా చాయ్‌లో పొగాకు వాసన అలాగే ఉంది.

మొన్న ఎవరో కొత్త మనిషి, జనగామ నుంచి లారీ తోలుకుని వచ్చినవాడు, చుట్ట కొనుక్కుని డబ్బాలో మెరుస్తున్న దాన్ని చూశాడు. చుట్టలు మంచిగా తెలిసినవాడిలా ఉన్నాడు.

"ఏందవ్వా, గంత కీమతుది పెట్టుకోని గా పాత అడకత్తెరతోని కోస్తవేంది? దానితోని కొయ్యి."

"గది కోసేటిది కాదు బిడ్డా" అంది కొమురవ్వ, డబ్బా మీద చెయ్యి అడ్డం పెట్టి. "మా రాకేష్‌ది. బాయి దిగిండు. మూడింటికొచ్చి తీసుకపోతడు."